ముప్పై మూడు ఎందుకొచ్చింది?

యాభై రెండులోంచి ఇరవై అయిదు తీసెయ్యమంటే మూడో తరగతి పిల్ల 33 అని రాసిందనుకోండి. ఎర్రసిరాతో ఇంటూ కొట్టి పక్కన 27 వెయ్యడం ఇంట్లో పెద్దవాళ్ళకైనా వచ్చు. ఆ 33 ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలంటే మాత్రం లెక్కలు వచ్చి ఉంటే చాలదు. ఆ పిల్ల ఒకట్ల వరసలో పైన 2, కింద 5 చూసింది. రెండులోంచి అయిదు పోదు గనక అయిదులోంచి రెండు తీసి 3 వేసింది. పదుల్లోనూ అయిదులోంచి రెండు తీసి ఇంకో 3 వేసింది. ‘పెద్దదాన్లోంచి చిన్నది తీసెయ్యాలి’ అని ఒకటో తరగతిలో మనం చెప్పిన మాటనే తు.చ. తప్పకుండా పాటించింది. ఇది పట్టుకున్న టీచరు దగ్గర ఆ తప్పు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. పట్టుకోని చోట అదే తప్పు మూడంకెల తీసివేతలోకి, అక్కణ్ణించి భాగహారంలోకి, పిల్లతోపాటే పై తరగతులకు వెళ్తుంది.

‘కూడికలూ తీసివేతలూ చెప్పడానికి మళ్ళీ ట్రైనింగులెందుకండీ?’ అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. టీచరు బడిలో లేని రోజు నష్టపోయేది పిల్లలే కాబట్టి, ఆ రోజు దేనికి ఖర్చయిందో తెలుసుకునే హక్కు వాళ్ళకుంది. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ తీసివేతలోకే కాస్త లోతుగా వెళ్ళాలి.

కోనసీమలో కొబ్బరి ఈనెలకు కొదవలేదు. పదేసి పుల్లల కట్టలు అయిదు, విడిపుల్లలు రెండు పిల్ల ముందు పెట్టి, ఇరవై అయిదు ఇమ్మని అడగాలి. విడివి రెండే ఉన్నాయి, అయిదు కావాలి. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పకుండానే చాలామంది పిల్లలు ఒక కట్ట విప్పుతారు. ఇప్పుడు కట్టలు నాలుగు, విడిపుల్లలు పన్నెండు. అక్కడ ఆగి ‘ఇప్పుడు మొత్తం ఎన్ని ఉన్నాయి?’ అని టీచరు అడగాలి. మళ్ళీ లెక్కపెట్టకుండా యాభై రెండే అని పిల్ల చెప్పగలిగితే స్థానవిలువ అర్థమైనట్టు. పలకమీద 5 కొట్టేసి 4 వెయ్యడం, 2 పక్కన ఒకటి చేర్చడం ఆ విప్పిన కట్టకు గుర్తులు మాత్రమే. కట్ట విప్పని పిల్లకు అవి గీతలుగానే మిగిలిపోతాయి.

ఇదే లెక్కను కిరాణా కొట్టాయన ఇంకోలా చేస్తాడు. ఇరవై అయిదు నుంచి ముప్పైకి అయిదు, ముప్పై నుంచి యాభైకి ఇరవై, ఆపైన రెండు, మొత్తం ఇరవై ఏడు. ఇదీ సరైనదే. రెండు దారులూ ఒకే చోటికి ఎందుకు చేరుతున్నాయో టీచరుకు తెలిసి ఉండాలి, లేకపోతే ఇంటి దగ్గర నేర్చుకున్న పద్ధతితో సరిగ్గా చేసిన పిల్లకు కూడా తప్పు పడుతుంది. జాతీయ పునాది దశ పాఠ్యప్రణాళిక 2022లో చిన్నపిల్లల గణితానికి నాలుగు మెట్లు చెప్పింది: అనుభవం, మాట, బొమ్మ, గుర్తు. చాలా తరగతి గదుల్లో పాఠం నాలుగో మెట్టు మీదే మొదలవుతోంది.

లెక్క తెలియడం వేరు, ఆ లెక్క పిల్లల బుర్రలో ఎలా నడుస్తుందో తెలియడం వేరు. ఈ రెండో రకం జ్ఞానాన్ని ప్రత్యేకంగా గుర్తించి పేరుపెట్టినవాడు అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్, 1986లో. ఆ తర్వాత 1999లో లీపింగ్ మా అనే చైనా పరిశోధకురాలు ఒక పుస్తకం రాసి చాలామంది కళ్ళు తెరిపించింది. ఆమె 23 మంది అమెరికన్ టీచర్లనూ, 72 మంది చైనా టీచర్లనూ ఒకే ప్రశ్న అడిగింది: ఒకటీ ముప్పావును అరతో భాగించండి, దానికి సరిపడే ఒక కథ చెప్పండి. లెక్కను సరిగా పూర్తి చేసిన అమెరికన్లు సగానికన్నా తక్కువ. సరిపోయే కథ చెప్పగలిగింది వాళ్ళలో ఒక్కరే. చైనా టీచర్లందరికీ జవాబు వచ్చింది, ఎక్కువమంది కథలూ చెప్పారు. విశేషమేమిటంటే ఆ చైనా టీచర్లు పెద్ద చదువులు చదివినవాళ్ళు కారు. తొమ్మిదో తరగతి తర్వాత రెండు మూడేళ్ళ ఉపాధ్యాయ శిక్షణ, అంతే. ఉద్యోగంలో చేరాక పాఠ్యపుస్తకాన్ని పక్క టీచర్లతో కలిసి చదవడం, ఒక్కో లెక్క గురించి వాదించుకోవడం వల్ల ఆ పట్టు చిక్కిందని ఆమె తేల్చింది. ఇంటర్మీడియట్, డీఎడ్ చేసి సెకండరీ గ్రేడ్ టీచర్లుగా చేరిన మనవాళ్ళకు ఇది ధైర్యమిచ్చే మాట.

ఆ కథ మన గోదావరి ఇళ్ళలో తయారుగానే ఉంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఒకటీ ముప్పావు మానికల బియ్యాన్ని తవ్వతో కొలిస్తే ఎన్ని తవ్వలు? మానికకు నాలుగు సోలలు కాబట్టి ఒకటీ ముప్పావు మానికలంటే ఏడు సోలలు, అంటే మూడున్నర తవ్వలు. భాగిస్తే జవాబు పెద్దదవడమేమిటని ఏడో తరగతి పిల్లలు తికమకపడే చోట, చిన్న పాత్రతో కొలిస్తే ఎక్కువసార్లు కొలవాలని తవ్వ చూపిస్తుంది. ఈ గడ్డమీద ఇది కొత్త ఆలోచనేం కాదు. తూర్పు చాళుక్యుల నాటి పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితగ్రంథాన్ని తెలుగు చేసినప్పుడు మూలంలోని ఉదాహరణలను యథాతథంగా దించలేదు, తన చదువరులకు తగినట్టు మార్చుకున్నాడు. ఇప్పుడైనా, ఆగస్టు వరదల్లో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు అని టీవీలో వింటున్న లంక గ్రామాల పిల్లలకు లక్షల స్థానం నేర్పడానికి ఇంకో ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

ఉపాధ్యాయ శిక్షణ ఈ ప్రాంతానికి పాతదే. రాజమండ్రి ప్రభుత్వ ట్రైనింగ్ కాలేజీ 1894 నాటిది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొక విద్యాశిక్షణ సంస్థ వచ్చింది: తూర్పుకు బొమ్మూరులో, పశ్చిమకు దూబచర్లలో డైట్లు వెలిశాయి. 2022 జిల్లాల విభజనతో రెండూ ఇప్పటి తూర్పు గోదావరిలోకే వచ్చి చేరాయి.

కొత్త టీచర్లను తయారుచేసే పని ఇలా సాగుతుండగానే, బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. మనవాళ్ళు అపెప్ అని పిలుచుకునేది. 1984లో ప్రయోగంగా మొదలై 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించింది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగా పని చెయ్యాలి, చుట్టుపక్కల దొరికే వస్తువులు వాడాలి అన్న సూత్రాలు అప్పుడే ఇక్కడి టీచర్ల నోట్లో నానాయి. అన్నిటికన్నా విలువైనది ఉపాధ్యాయ కేంద్రం: చుట్టుపక్కల బళ్ళ టీచర్లు ఏడాదిలో కొన్నిసార్లు ఒకచోట కూర్చుని పాఠాల గురించి మాట్లాడుకోవడం. ఇప్పటి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు అదే పెద్దక్క. అప్పటి బొమ్మలూ చార్టులూ గోడల మీద వెలిసిపోయినా, ఆ కేంద్రాల అలవాటును నేను చాలా గొప్పగా తలుస్తాను.

ఆ తర్వాత డీపెప్, సర్వశిక్షా అభియాన్, సమగ్ర శిక్ష పథకాలు వరసగా వచ్చాయి. 2019లో టీచర్ల శిక్షణకు నిష్ఠ, 2021లో చిన్న తరగతుల చదువూ లెక్కల కోసం నిపుణ్ భారత్, అదే సమయంలో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పుతో రాష్ట్రంలో సాల్ట్ పథకం. డబ్బుకు లోటుందని ఇక అనలేం. లోటు శిక్షణ నడిచే తీరులో ఉంది. రాష్ట్రస్థాయిలో కొందరికి నేర్పుతారు, వాళ్ళు జిల్లా రిసోర్స్ పర్సన్లకు, వాళ్ళు మండలంలో, అక్కణ్ణించి బడి టీచరుకు. హెడ్ స్లూయిస్ దగ్గర నిండుగా వదిలిన నీరు శివారు పొలాలకు వచ్చేసరికి పాదాలు కూడా తడవనట్టే, పైన చర్చగా మొదలైనది కింద స్లైడ్ల చదువుగా మిగులుతోంది. ఈనె పుల్లల కట్ట ఎందుకు విప్పాలో పైన గంటసేపు మాట్లాడుకుంటే, కింద ‘టీఎల్‌ఎం (బోధన సామగ్రి) వాడాలి’ అన్న ఒక్క వాక్యం చేరుతోంది.

టీచర్లకు సమాచారం చేరవేస్తే చాలు, మార్పు దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని మన రాష్ట్రంలోనే పరీక్షించి చూశారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2010లో అచ్చువేసిన పరిశోధన అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 100 పల్లె బళ్ళలో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా నివేదికలు రాసి టీచర్లకిచ్చారు. వాటిని ఎలా వాడుకోవాలో కూడా చెప్పారు. ఏడాది చివర చూస్తే, నివేదికలు అందని బళ్ళకూ వీటికీ పిల్లల మార్కుల్లో తేడా కనిపించలేదు. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను: ‘మీ పిల్లలకు తీసివేత రాదు’ అని టీచరుకు చెబితే ఆమెకు తెలిసిన సంగతే మళ్ళీ చెప్పినట్టు. ఆమెకు కావలసింది 33 ఎందుకొచ్చిందో ఆలోచించే తోడు.

మరి ఎంత శిక్షణ అయితే ఫలితం ఉంటుంది? అమెరికాలో 2007లో 1,300కు పైగా అధ్యయనాలను జల్లెడపట్టి, గట్టి ప్రమాణాలకు నిలిచినవి తొమ్మిదే అని తేల్చారు. వాటిలో టీచర్లు పొందిన శిక్షణ సగటున 49 గంటలు. అలాంటి చోట, వందమందిలో సరిగ్గా మధ్యన ఉండే పిల్ల కిందినుంచి లెక్కిస్తే 71వ స్థానానికి ఎదగగలదని అంచనా. 14 గంటలు, అంతకన్నా తక్కువ శిక్షణలున్న అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. మన 2020 జాతీయ విద్యావిధానం టీచరుకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. చూడ్డానికి లెక్క సరిపోయినట్టే ఉంది. కానీ మన ప్రాథమిక బడి టీచరు తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం నాలుగూ చెబుతుంది. యాభైని నాలుగుతో భాగిస్తే గణితం వాటాకు పన్నెండున్నర గంటలు. ఫలితం కనిపించని గీతకు ఇంకా కిందే. ఆ పన్నెండున్నరలోనూ కొంత హాజరుకూ, యాప్ వివరాలకూ, ఉపన్యాసాలకూ పోతుంది.

గంటలు పెంచడం ఒక్కటే దారి కాదు. ఉన్న గంటలను పాఠం మీద పెట్టొచ్చు. జపాన్ ప్రాథమిక బళ్ళలో టీచర్లు కలిసి ఒకే ఒక్క పాఠాన్ని తయారుచేస్తారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు వెనక నిలబడి, టీచర్నికాక పిల్లలను గమనిస్తారు. అయ్యాక కూర్చుని ఏ పిల్ల ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని చర్చించి పాఠాన్ని తిరగరాస్తారు. దీనికి కావలసిన ఏర్పాటు మన దగ్గర ఉంది. కొఠారీ కమిషన్ 1966 నివేదికలో చెప్పిన స్కూల్ కాంప్లెక్స్ అదే. ఆ సమావేశానికి ప్రతి టీచరూ మూడు నోటు పుస్తకాలు తెస్తే చాలు: లెక్క సరిగా చేసినది ఒకటి, తప్పు చేసినది ఒకటి, అర్థంకాని పద్ధతిలో చేసినది ఒకటి. మూడోదాని మీదే ఎక్కువసేపు గడుస్తుందని నా నమ్మకం.

బడి వాస్తవాలను దాటేసి ఈ మాట అనడం అన్యాయం. చిన్న ఊళ్ళలో ఒక టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెబుతోంది. 2022లో జీవో 117తో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్ళలో కలిపారు, 2025లో ఆ ఏర్పాటును మార్చారు. ఏ తరగతి ఎవరిదో ఇలా మారుతుంటే టీచరు తన లెక్కల పాఠాన్ని ఏళ్ళతరబడి సానపట్టుకోవడం కష్టం. తరగతికో టీచరు ఉండేలా పెడుతున్న మోడల్ ప్రాథమిక పాఠశాలలు నిలబడితే, చుట్టుపక్కల బళ్ళలో ఒకే తరగతి చెప్పే నలుగురు టీచర్లు మాట్లాడుకోవడానికి అవకాశం దొరుకుతుంది.

ఇంకో సంగతి. కలకత్తా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే సుమారు 1,400 మంది పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. చిల్లర లెక్కలు నోటితో గబగబా చేసే పిల్లలు, అదే లెక్క కాగితం మీద బడి పద్ధతిలో ఇస్తే చెయ్యలేకపోయారు. బజారు ఎరగని బడిపిల్లలు కాగితం మీద చేసి, బేరం దగ్గర తడబడ్డారు. అంబాజీపేట కొబ్బరి బజారులో వెయ్యి కాయల ధర వినగానే వంద కాయలకెంతో చెప్పే పిల్లాడు, పలక మీద పదితో భాగించమంటే దిక్కులు చూడొచ్చు. వాడికి వచ్చిన లెక్కనూ బడి లెక్కనూ కలపడం టీచరు మాత్రమే చెయ్యగల పని, ఏ పుస్తకంలోనూ ఆ పిల్లాడు ఉండడు కాబట్టి.

బొమ్మూరు, దూబచర్ల డైట్లలో చదివే విద్యార్థులు ఎలాగూ బళ్ళలో బోధనాభ్యాసం చేస్తారు. ఆ రోజుల్లో వాళ్ళు ఒక్కొక్కరు పిల్లల తప్పులు పాతిక సేకరించి, పక్కన ‘ఎలా చేశావు?’ అని అడిగినప్పుడు పిల్ల చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసిపెడితే, రెండు మూడేళ్ళలో గోదావరి పిల్లలు గణితంలో ఎలా ఆలోచిస్తారో చెప్పే పుస్తకం ఒకటి తయారవుతుంది. కూడికలు, తీసివేతలు, స్థానవిలువలు, భిన్నాలు అని విడదీసి, ఒక్కో కాంప్లెక్స్ సమావేశానికి ఒక్కో అధ్యాయం పంచవచ్చు. దానికి కొత్త పథకం అక్కర్లేదు, డైట్ ప్రిన్సిపాళ్ళూ మండల విద్యాశాఖాధికారులూ కూర్చుని ఒప్పుకుంటే వచ్చే విద్యాసంవత్సరం జూన్‌లోనే మొదలుపెట్టొచ్చు.