మీకు తెలుసా? గరాజ్ తలుపు బరువు మోసేది మోటారు కాదు

అమెరికా ఇళ్లలో రెండు కార్లు పట్టే గరాజ్ తలుపు చాలావరకు 70 కిలోల పైనే ఉంటుంది. ఆ బరువును మోసేది మోటారు కాదు, తలుపు పైన అడ్డంగా బిగించిన స్ప్రింగు. మామూలు స్ప్రింగు సుమారు 10,000 సార్లు తెరిచి మూసేదాకా వస్తుంది. మోటారు మోగుతున్నా తలుపు లేవకపోతే ముందు పైకి చూడండి. స్ప్రింగు చుట్టల మధ్య రెండు వేళ్ల ఖాళీ కనిపిస్తే అది తెగినట్టే. ఇక బటన్ నొక్కొద్దు. తలుపు సగంలో ఆగి ఉంటే, మోటారు నుంచి తలుపును విడదీసే ఎర్రతాడు అసలే లాగొద్దు, తలుపు ఒక్కసారిగా మీద పడొచ్చు. స్ప్రింగు మార్చే పని మెకానిక్‌కే వదిలేయండి. బిగించేటప్పుడు పట్టు తప్పితే చెయ్యి విరగొచ్చు. స్ప్రింగు బాగానే ఉండి రిమోట్ ఒక్కటే పనిచేయకపోతే, గోడ స్విచ్‌లో లాక్ పడిందేమో చూడండి. గడ్డకట్టే చలిలో తలుపు కింది రబ్బరు పట్టీ నేలకు అతుక్కుపోయి కూడా తలుపు లేవకపోవచ్చు.