తిన్నది ఒంటబట్టుట

పంజగుట్టలోని నిమ్స్ వైద్యశాలకు పల్లెల నుండి పెద్దలను తోడ్కొని వచ్చు కర్షకులను మేము తరచుగా చూచుచుందుము. అమీరుపేటలో మెట్రోబండి మారునపుడు తండ్రి చేయి విడువక నడిపించు కుమారులను పలుకరించినచో, “నాయిన మంచిగనే తింటుండు, తిన్నది ఒంటికి వడ్తలేదు” అందురు. వార్ధక్యమేగదా యని కొందరు ఊరకుందురు. మేమట్లు ఊరకుండరాదందుము.

చవుటినేలలో జింకు ఉన్నను వరిపైరు దానిని పీల్చుకొనజాలక ఆకులు తుప్పుపట్టినట్లగుట మీరెరిగినదే. ముసలివారి కడుపులోను ఇట్టిదే జరుగును. పాలు, గ్రుడ్లు, మాంసములలోని బి12 విటమిను మాంసకృత్తులను అంటిపెట్టుకొని యుండును. దానిని విడదీయుటకు జఠరామ్లము వలయును. వయస్సుతో జీర్ణకోశపు పొర కొందరిలో క్షీణించి ఆమ్లము తగ్గును. కడుపుమంటకై యేండ్ల తరబడి మ్రింగు మాత్రలును, మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మినును ఈ కొరతను పెంచగలవు. కాలేయములోని నిలువ కొన్నియేండ్లు కాచుటచే లోపము ఆలస్యముగా బయటపడును: అరికాళ్ళ తిమ్మిరి, నాలుక మంట, నడకలో తూలుట, మరపు. ఈ తిమ్మిరిని వాతమని తైలముతో మర్దించుచు కాలము గడపినచో, నరములకు గలిగిన చెరుపు మరల పూర్తిగా మానకపోవచ్చును. చిన్న రక్తపరీక్షతో లోపము తెలియును. మాత్రలతోనో, సూదిమందుతోనో తీర్చవచ్చును.

ఇచట మన తెలుగువాని నొకనిని స్మరింపవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను గ్రహణివ్యాధి బలిగొన్నది. అన్నము ఒంటబట్టనీయని రోగమే యది. అమెరికాలో ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది గ్రహణికి మందైనది. అయినను ఒక హెచ్చరిక: బి12 లోపించినవారు ఫోలికామ్లము మాత్రమే పుచ్చుకొనినచో రక్తము బాగుపడినట్లు కనబడును గాని, నరముల చెరుపు లోలోన సాగుచునే యుండును. కావున అంగడిలో బలపుమందు కొని తామే వైద్యము చేసికొనరాదు.

పండ్లూడిన పెద్దలకు పచ్చడిమెతుకులతో సరిపుచ్చు ఇండ్లు గలవు. పెరుగు, మెత్తగా నుడికిన పప్పు, తినువారికి గ్రుడ్డు పెట్టుడు. భోజనమైన వెంటనే చాయ త్రాగినచో కూరాకులలోని ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసము పిండుకొనినచో మేలగును. బరువు తగ్గుచున్నను, విరేచనములు వారముల తరబడి కట్టకున్నను, మలము నల్లబడినను జాగు చేయరాదు.

వైద్యశాలకు వచ్చునపుడు పెద్దలు వాడుచున్న మాత్రల అట్టలన్నియు సంచిలో వేసికొని రండు. పేరు చెప్పజాలకున్నను, అట్ట చూచి వైద్యులు పోల్చుకొందురు. వారి నడుగక ఏ మాత్రయు మానకుడు.