డబ్బా సర్దే ముందు ఒక్క ఫోన్

మా పిన్ని గృహప్రవేశం రోజు సాయంత్రానికి ఫ్రిజ్ తలుపు పడలేదు. భోజనాలు ఆమే వండించింది. వచ్చినవాళ్లలో ఏడెనిమిది మంది డబ్బాలు తెచ్చారు. నాలుగు డబ్బాల్లో గులాబ్‌జామే. అన్నీ ప్రేమతో తెచ్చినవే. మర్నాడు ఇరుగుపొరుగుకు పంచగా మిగిలినవి పారబోస్తుంటే ఆమె ముఖం చూడలేకపోయాను.

పెద్దలున్న ఇంటికి, పసిపిల్లలున్న ఇంటికి ఉత్త చేతులతో వెళ్లకూడదని మన అమ్మమ్మలు నేర్పారు. వాళ్లు పట్టుకెళ్లింది డజను అరటిపళ్లు. వాటికి కత్తి అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు, ఫ్రిజ్‌లో చోటక్కర్లేదు. ఈ రోజు తినకపోతే రేపు తింటారు. కాకినాడ కాజా, బందరు లడ్డు, సకినాలు కూడా అంతే, నాలుగు రోజులు నిలుస్తాయి. ఇంటావిడకు పని పెట్టని వస్తువే పట్టుకెళ్లాలన్న ఇంగితం అందులో ఉంది. ఇప్పుడు మనం తీసుకెళ్లే క్రీము కేకుకు ఆ గుణం లేదు.

అడగకుండా అన్నం పట్టుకెళ్లాల్సిన ఇల్లు ఒకటుంది. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. చుట్టాలో, పక్కింటివాళ్లో వండి తెస్తారు, దగ్గర కూర్చుని బతిమాలి రెండు ముద్దలు తినిపిస్తారు. అక్కడ ‘ఏం తెమ్మంటారు’ అని అడగడమే తప్పు. మిగతా అన్ని ఇళ్లకూ అడిగే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.

అమెరికాలోని మనవాళ్లు పాట్‌లక్ విందుల్లో ఈ పద్ధతి పాటిస్తున్నారు. ఎవరు ఏది తేవాలో ముందే పేర్లు రాసుకుంటారు. పులిహోర తెస్తామనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చింతపండు పులుపు వల్ల ఆ అన్నం తొందరగా పాడవదు. పెరుగన్నానికి, బిర్యానీకి ఆ ధీమా లేదు. పాడయ్యే వంటకాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దనీ, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటేననీ అక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. మే నెల విజయవాడలో కారు డిక్కీలో చికెన్ కూర పెట్టుకుని బయల్దేరేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. కూరలో జీడిపప్పు ముద్ద వేశామనీ, పొడిలో వేరుశనగ ఉందనీ నోరు తెరిచి చెప్పాలి. పడనివాళ్లకు అది ప్రాణాపాయం. ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇంటికి ఏం తీసుకెళ్తున్నామో మరీ చూసుకోవాలి.

ఇచ్చాక అది వాళ్ల సొత్తు. వడ్డిస్తారో, రేపటికి దాచుకుంటారో వాళ్ల ఇష్టం. ‘మా డబ్బా ఇంకా తెరవలేదేం’ అని అందరిలో అడిగితే ఆ ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది. మిగిలింది సర్దుకుని పోవడం ఇంకా తప్పు. ఇంటివాళ్లకూ ఒక మర్యాద ఉంది. గిన్నె ఉత్తగా తిరిగివ్వకూడదు. మా అమ్మ కడిగి, తుడిచి, గుప్పెడు పంచదారైనా పోసి పంపేది.

ఈసారి ఎవరైనా భోజనానికి పిలిస్తే ముందు రోజే ఫోన్ చేయండి. ‘వదినా, ఏం తెమ్మంటావ్?’ అని అడగండి. ఆమె చెప్పిందే తీసుకెళ్లండి. ఏమీ వద్దంటే, డజను అరటిపళ్లు చాలు.