ఫోన్ అడిగితే అన్‌లాక్ చేసి ఇవ్వాల్సిందేనా?

పోలీసు అడిగితే ఫోన్ అన్‌లాక్ చేసి చేతిలో పెట్టాల్సిందే, కాదంటే అదే కేసు అన్న మాట కుర్రాళ్ల మధ్య చట్టంలా చలామణీ అవుతోంది. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరిట పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి వాట్సాప్ చాట్లు వెతికిన వీడియోలు జనమంతా చూశారు. చూసినవాళ్లలో చాలామంది ఇదే పద్ధతి కాబోలు అనుకున్నారు. కాదు. ఇది పద్ధతి కానే కాదు.

అపోహ: అడిగిన ప్రతి పోలీసుకూ ఫోన్ చూపించాలి.

వాస్తవం: కేసు లేకుండా, కారణం చెప్పకుండా దారిన పోయేవాడి చాట్లు చదివే అధికారం ఏ సెక్షనూ ఇవ్వలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 185వ సెక్షన్ కింద వారంటు లేకుండా సోదా చేయాలన్నా, దేనికోసం వెతుకుతున్నారో, అది అక్కడే ఉందని ఎందుకు నమ్ముతున్నారో అధికారి ముందుగా రాయాలి. ఆ నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. 105వ సెక్షన్ ప్రకారం సోదాను, జప్తును వీడియో తీయాలి. నాకాబందీ దగ్గర ఫోన్ లాక్కుని వేలితో తిప్పుతూ పోవడంలో ఇందులో ఒక్కటైనా ఉందా?

నేరంతో సంబంధం ఉందన్న అనుమానం కలిగించే పరిస్థితులుంటే 106వ సెక్షన్ కింద ఫోన్‌ను స్వాధీనం చేసుకోవచ్చు, ఆ సంగతి మేజిస్ట్రేటుకు వెంటనే నివేదించాలి. కానీ ఫోన్ తీసుకోవడం వేరు, లోపలున్నది చదవడం వేరు. 2021లో కర్ణాటక హైకోర్టు ఒక డ్రగ్స్ కేసులో, ఫోన్ లోపల వెతకడానికి మామూలుగా కోర్టు వారంటు ఉండాలంది. కోర్టు ఆదేశిస్తే నిందితుడు పాస్‌వర్డ్ చెప్పాలనీ అంది. మరుసటి ఏడాది ఢిల్లీలో సీబీఐ ప్రత్యేక కోర్టు మాత్రం, పాస్‌వర్డ్ చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టకూడదంది. తీర్పులు వేరైనా, తేల్చాల్సింది కోర్టేనన్న విషయంలో తేడా లేదు.

"తప్పు చేయనివాడికి భయమెందుకు" అనేవాళ్లు ఒకటి ఆలోచించాలి. ఆ ఫోన్‌లో మీ చెల్లెలి ఫొటోలున్నాయి, మీ అమ్మ స్కానింగ్ రిపోర్టులున్నాయి, స్నేహితుడు నమ్మి చెప్పుకున్న కష్టాలున్నాయి. వాటిని చూపించే హక్కు మీకూ లేదు. మన సమాచారం ఇంకొకరి దగ్గరున్నా గోప్యత పోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్టానికి చేసిన సవరణ, బ్యాంకుల్లోని ఖాతాదారుల కాగితాలను సహేతుక కారణం లేకుండానే తనిఖీ చేసి పట్టుకుపోవడానికి వీలిచ్చింది. అది చెల్లదని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనంది.

అపోహ: డ్రగ్స్ అనుమానముంటే ఎవరినైనా వెతకొచ్చు.

వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 43వ సెక్షన్ కింద, నమ్మడానికి తగిన కారణముంటే, బహిరంగ ప్రదేశంలో అధికారం ఉన్న అధికారి వారంటు లేకుండా సోదా చేయొచ్చు. అయితే ఒంటి మీద వెతికే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని మీకు చెప్పి తీరాలి. చేతిసంచికి ఈ రక్షణ లేదు.

మిగతావి క్లుప్తంగా. వారంటు లేనిదే ఇంట్లో అడుగుపెట్టలేరన్నది తప్పు, 185వ సెక్షన్ ఉన్నది అందుకే. సోదా అక్రమమైతే కేసు దానంతటదే పోతుందన్నదీ తప్పు, ఆ ఒక్క కారణంతో సాక్ష్యాన్ని తోసిపుచ్చనక్కర్లేదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. స్త్రీని ఏ పోలీసైనా సోదా చేయొచ్చన్నది పచ్చి అబద్ధం, స్త్రీయే చేయాలి. వీడియో కాల్‌లో పోలీసులమంటూ మోసగాళ్లు బెదిరించే "డిజిటల్ అరెస్ట్" అనేది ఏ చట్టంలోనూ లేదు.

పోలీసులు ఆపితే గొడవకు దిగకండి, పెనుగులాడకండి. అధికారి పేరు, స్టేషను, కేసు, సెక్షను అడిగి రాసుకోండి. లైసెన్సు డిజిలాకర్‌లో ఉంటే ఫోన్ మీ చేతిలోనే ఉంచుకుని చూపించండి. ఇంట్లో సోదా జరిగితే దగ్గరుండి చూడండి, ఇద్దరు స్థానిక సాక్షులు ఉన్నారో లేదో గమనించండి. బలవంతంగా ఫోన్ లాక్కుంటే ఆ రోజే కమిషనర్‌కో ఎస్పీకో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఏ వస్తువు తీసుకెళ్లినా, జాబితా నకలు చేతికొచ్చేదాకా అడుగుతూనే ఉండండి. అది మీ హక్కు.