ద్రాక్షతోట నుంచి గర్భాశయం దాకా

స్త్రీకి అండాలు ఏర్పడేది పుట్టాక కాదు, తల్లి కడుపులో ఉండగానే. ఐదో నెల నాటికి ఆడపిండం అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల అండకణాలుంటాయి. పుట్టేసరికి అవి 10–20 లక్షలకు, రజస్వల అయ్యేసరికి 3–4 లక్షలకు తగ్గిపోతాయి. అందుకే గర్భిణి ఒంట్లో చేరిన రసాయనం ఆమెను, కడుపులోని కూతురిని, ఆ కూతురి అండాలను ఒకేసారి తాకగలదు. మూడు తరాలన్న మాట. మోతాదెంత అని అడిగినట్టే ఏ నెలలో అని కూడా అడగాలి.

నెలసరి, అండం విడుదల, గర్భం నిలవడం అన్నీ హార్మోన్లు నడిపే పనులే. రక్తంలో హార్మోన్లు ఉండేది అతి తక్కువగా, కాబట్టి కొద్దిపాటి రసాయనమైనా వాటి పనిని చెదరగొట్టగలదు. కొన్ని రసాయనాలు ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోనును పోలి ఉండి, అది చేరాల్సిన చోట తామే చేరతాయి. మరికొన్ని అసలు హార్మోను తయారీకే అడ్డుపడతాయి.

అలాంటి రసాయనం ఒకటి ద్రాక్షతోటల్లో ఉంది. బెంగళూరుకు ఉత్తరాన, విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న దేవనహళ్ళి పరిసరాలు బెంగళూరు బ్లూ ద్రాక్షకు పేరుపడ్డవి. ఈ రకానికి పెద్ద శత్రువు బూజు తెగులు. ముసురు పడితే పందిరి నిండా పాకుతుంది. ద్రాక్షలో దాన్ని ఆపడానికి మైలతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమంతో పాటు మాంకోజెబ్ అనే పసుపుపచ్చ పొడి మందును కూడా చల్లుతారు. చల్లిన మర్నాడు ఆకుల మీద ఆరిపోయిన పొర కంటికి కనిపిస్తుంది. ఆకులు తుంచే, గుత్తులు సవరించే చేతులకు అంటుకునేది అదే. పిచికారీ చేసినవాడి చొక్కాతో ఇంటికీ వస్తుంది. ఆ చొక్కాను నానబెట్టి, పిండి, ఆరేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే. మందు డబ్బా మీది హెచ్చరికలు చల్లేవాడి కోసం రాసినవి, ఉతికే మనిషి వాటిలో కనబడదు. ఇది పెద్ద లోపం.

మాంకోజెబ్ శరీరంలో విచ్ఛిన్నమై ఇథిలీన్ థయోయూరియాగా మారుతుంది. ఇది థైరాయిడ్ హార్మోను తయారీని అడ్డుకుంటుంది. ఆ హార్మోను తగ్గితే నెలసరి గతి తప్పవచ్చు, అండం విడుదల కాకపోవచ్చు, గర్భస్రావం ముప్పు పెరుగుతుంది. తొలి మూడు నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే అందాలి. కోస్టారికాలో ఈ మందును విమానాలతో చల్లే అరటితోటల దగ్గర నివసించే గర్భిణుల మూత్రంలో ఇథిలీన్ థయోయూరియా, దూరంగా ఉన్నవారి కంటే ఎక్కువగా కనిపించింది. పునరుత్పత్తికి హాని, హార్మోన్ల అలజడి కారణాలుగా చూపి ఐరోపా సమాఖ్య 2020 డిసెంబరులో మాంకోజెబ్ అనుమతిని పొడిగించలేదు. అదే ఏడాది మే నెలలో భారత ప్రభుత్వం నిషేధానికి ప్రతిపాదించిన 27 మందుల్లోనూ ఇది ఉంది. తరవాత ఆ జాబితా కుదించుకుపోయింది, ఈ మందు వాడుకలోనే మిగిలిపోయింది.

హార్మోన్లను చెదరగొట్టే రసాయనాలు తోటలు లేని ఇళ్ళలోకి వచ్చే దారులు వేరు. గట్టి పాలికార్బొనేట్ డబ్బాల్లో, కొన్ని బిల్లు కాగితాల పూతలో బిస్ఫినాల్-ఎ ఉంటుంది. మెత్తని పీవీసీలో, చాలా అత్తర్లలో థాలేట్లుంటాయి. 1998లో అమెరికాలో పెట్రీషియా హంట్ ప్రయోగశాలలో పొరపాటున ఘాటైన డిటర్జెంటుతో కడగడం వల్ల ఎలుకల ప్లాస్టిక్ పంజరాలు పాడై, బిస్ఫినాల్-ఎ ఊరింది. మామూలుగా 1–2 శాతం అండాల్లో కనిపించే క్రోమోజోముల అమరిక లోపం 40 శాతానికి ఎగబాకింది. పాలసీసాల్లో ఈ పదార్థాన్ని భారతదేశం 2015లో నిషేధించింది.

ఎలుకల్లో కనిపించిందల్లా మనుషుల్లో జరగాలని లేదు. అండాశయాల్లో నీటితిత్తులున్న స్త్రీలలో బిస్ఫినాల్-ఎ ఎక్కువగా ఉన్నట్టు పలు పరిశీలనలు చెబుతున్నా, అదే కారణమని తేలలేదు. మనుషుల్లో తిరుగులేని సాక్ష్యం డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ది. 1940ల నుంచి గర్భం నిలవడానికని అమెరికాలో లక్షలమందికి ఇచ్చారు. వాళ్ళ కడుపున పుట్టిన ఆడపిల్లల్లో కొందరికి అరుదైన యోని క్యాన్సరు వస్తోందని 1971లో బయటపడింది. గర్భాశయ లోపాలు, సంతానలేమి కూడా వారిని వెంటాడాయి. మాత్ర మింగింది తల్లులు.

పిచికారీ బట్టలను పిల్లల బట్టల్లో కలపకుండా విడిగా, రబ్బరు తొడుగులు వేసుకుని ఉతికి, ఎండలో ఆరేస్తే ఒంటికి చేరేది బాగా తగ్గుతుంది. మందు చల్లాక డబ్బా మీద చెప్పిన గడువు దాటేదాకా తోటలోకి వెళ్ళకూడదు. బిడ్డ గుండె, వెన్ను రూపుదిద్దుకోవడం గర్భం వచ్చిన తొలి వారాల్లోనే మొదలవుతుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. కాబట్టి బిడ్డను కోరుకుంటున్న స్త్రీలు ఈ పనులకు దూరం కావాల్సింది గర్భం నిర్ధారణ అయ్యాక కాదు, అంతకు ముందు నుంచే.