కారుకు మీసాలు

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి మోటారు కార్ల గొడవ ఎందుకని మీరడగవచ్చు. న్యాయమే. నేను కోరి తెచ్చుకున్నది కాదు. కిందటి వేసవి సెలవుల్లో మా అక్కతో కలిసి అమెరికా వెళ్ళి, టెక్సాస్‌లో వున్న మేనల్లుడి యింట దిగినప్పుడు మెడకు చుట్టుకున్నది.

వాడి దగ్గర రెండు సీట్ల జపాను స్పోర్ట్స్ కారొకటి వుంది. అసలే పొట్టి బండి. అది చాలదన్నట్టు పొట్టి స్ప్రింగులు వేయించి మరో రెండంగుళాలు కిందికి దించాడు. అందులో కూర్చోవాలంటే ఎక్కనక్కరలేదు, దిగాలి. ముందు బంపరుకు అటొకటీ యిటొకటీ మీసాల్లా నల్లని రెక్కలు అంటించాడు.

"గాలి వీటిమీద పడి కారును నేలకు అదిమిపెడుతుంది మామయ్యా" అన్నాడు.

"వీటికెంత తగలేశావురా?" అంది మా అక్క. వాడు మాట మార్చాడు.

ఒక ఆదివారం నన్ను కూర్చోబెట్టుకుని పెద్దరోడ్డెక్కాడు. ఊళ్ళో వున్నంతసేపూ బాగానే వుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగం అందుకున్న కాసేపటికి వేడి చూపే ముల్లు పైకి పాకసాగింది. మావాడు ఏం చేశాడనుకున్నారు? ఆ మండుటెండలో హీటరు వేశాడు! ఇంజను వేడి కొంత అలా కారులోకి లాగితే అది చల్లబడుతుందట. నేను మాత్రం ఉడికిపోయాను. వేగం తగ్గిస్తే ముల్లు దిగేది, పెంచితే ఎక్కేది. నిలబెడితే వేడెక్కే కార్లను మన వూళ్ళో చాలా చూశాను గాని, పరుగెత్తితే వేడెక్కే కారును చూడడం అదే మొదలు. రేడియేటరు మార్చినా లాభం లేకపోయిందట. ఏ రాత్రివేళో లారీల మధ్య ఆగిపోతే గతేమిటని మా అక్క దిగులు పెట్టుకుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక, యింత చిన్న రెక్కలకు అంత శక్తి వుందా అని చదవడం మొదలుపెట్టాను. వుందండీ, చెప్పవద్దూ! 1971లో అరిజోనాలోని ఫీనిక్స్ పందెపు బాటలో బాబీ అన్సర్ ఒక కారును పరీక్షిస్తున్నాడు. ఎంత తంటాలుపడ్డా వేగం రాలేదు. అప్పుడు ఆ కారు కట్టించిన డాన్ గర్నీ వెనకరెక్క అంచున వేలెడు ఎత్తైనా లేని సన్నని రేకు నిలువుగా బిగించాడు. అన్సర్ మళ్ళీ తిరిగి వచ్చాడు. గడియారం చూస్తే తేడా లేదు! గర్నీ ముఖం వేలాడేశాడు. కాని అన్సర్ గుట్టుగా అసలు సంగతి చెప్పాడు: వెనక భాగం నేలను ఎంత గట్టిగా పట్టుకుందంటే, యిప్పుడు ముందు భాగమే మలుపు తిరగనంటోంది! ముందు రెక్కలు కూడా సరిచేశాక కారు పరుగు అందుకుంది. పోటీదారులు అడిగితే, రెక్క అంచు చేతులకు తగలకుండా పెట్టామని బొంకారట. 1972లో ఇండియానాపోలిస్‌లో అన్సర్ సుమారు 315 కిలోమీటర్ల వేగంతో మొదటి వరుసలో మొదటి స్థానం సంపాదించాడు. అంతకు ముందటేడు ఆ స్థానానికి 287 చాలింది. అదంతా ఆ రేకు చలవే అనను. పెద్ద రెక్కల పాలూ అందులో వుంది.

పందేల మాట అటుంచండి. 1998లో ఆడీ వారు టీటీ అనే గుండ్రటి ముద్దుకారు తెచ్చారు. జర్మనీలో వేగానికి హద్దులేని రోడ్లున్నాయి కదా. అక్కడ మహావేగంలో పక్కకు తిప్పినప్పుడో, మలుపులో కాలు తీసినప్పుడో వెనక భాగం జారిపోయి ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. దాంతో ఆ కంపెనీ వెనక చిన్న రెక్క పెట్టింది, స్ప్రింగుల వ్యవస్థను సవరించింది, కారును అదుపులో వుంచే ఎలెక్ట్రానిక్ ఏర్పాటూ చేసింది.

వేగం రెట్టింపయితే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. కూరగాయల దుకాణానికి వెళ్ళేటప్పుడు మీసాలకు పనేముంది? గర్నీ కథలో నన్ను పట్టుకున్నది మాత్రం వేరే. ఒకచోట చెయ్యి పెడితే లెక్క మరొకచోట తప్పింది. అందుకే తెల్లవారి కాఫీ తాగుతూ వాణ్ణి అడిగాను:

"కారు దించినప్పుడు ఏమైనా తీసేశావురా?"

"ఆఁ, అవేం లెక్క మామయ్యా! చక్రాల ముందు చిన్న రబ్బరు ముక్కలు, ఇంజను కింద ప్లాస్టిక్ పళ్ళెం. నేలకు గీరుకుంటుంటే తీసి మూలపడేశాను."

ఆ పళ్ళెమే కావాలి! ముందునుంచి వచ్చే గాలిని రేడియేటరు గుండా పోనిచ్చేది అదే. అది లేకపోతే గాలి సులువుదారి చూసుకుని కిందినుంచి జారిపోతుంది. నిదానంగా వెళ్ళేటప్పుడు ఫాను ఆదుకుంటుంది గనుక ఊళ్ళో తెలియలేదు. రబ్బరు ముక్కలు టైర్లకు గాలి నేరుగా కొట్టకుండా కాస్తాయి. దించిన కారుకు టైర్లు ఎలాగూ సగం లోపలే దాగుతాయి గనుక వాటి లోటు పెద్దది కాదనుకుంటాను.

వెతికి, బూజు దులిపి, నాలుగు బోల్టులు కొత్తవి తెచ్చి పళ్ళెం బిగించాడు. సాయంత్రం మళ్ళీ అదే రోడ్డు, అదే వేగం. ముల్లు మధ్యకు వచ్చి కదలకుండా కూచుంది. హీటరు వెయ్యనందుకు నేను లోలోపల దండం పెట్టుకున్నాను.

ఇంటి వాకిట్లో మెరక ఎక్కుతుంటే పళ్ళెం బర్రుమని గీరుకుంది. మా అక్క పరుగున బయటికి వచ్చి, "ఆ మీసాలు తీసేసి, కారునొక అంగుళం పైకెత్తరా!" అంది.

అంగుళం ఎత్తడానికి ఒప్పుకున్నాడు. మీసాలకు మాత్రం ససేమిరా అన్నాడు.