పుడమి దాచిన పసిడి ఎవరిది?

1992 నవంబరు 16వ తేదీ. ఇంగ్లండు తూర్పు భాగాన సఫక్ ప్రాంతంలోని హాక్సన్ అనే పల్లెలో ఒక రైతు తన పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. ఎంత వెదకినా దొరకలేదు. చివరకు ఎరిక్ లాస్ అనే మిత్రునికి కబురు చేశాడు. లాస్ తోటమాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వ్యక్తి. నేలలోని లోహాన్ని పసిగట్టి చెవిలో కూత పెట్టే మెటల్ డిటెక్టరు యంత్రం ఆయన వద్ద ఉంది.

సుత్తి కోసం పొలమంతా గాలిస్తుండగా ఒకచోట యంత్రం గట్టిగా కూసింది. తవ్వి చూస్తే వెండి చెంచాలు, బంగారు గొలుసులు, పిడికెళ్ళ కొద్దీ నాణేలు! రెండు సంచులు నిండాయి. అడుగున ఇంకా ఎంతో ఉన్నదని స్పష్టంగా తెలుస్తూనే ఉంది.

అటువంటి సమయంలో చేయి ఆపుకోవడం ఎంతమందికి సాధ్యం? లాస్ ఆపుకున్నాడు. పార పక్కన పెట్టి, విషయం రైతుకు చెప్పి, అధికారులకు వర్తమానం అందేట్లు చూశాడు. మరునాడే పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, ఆ మట్టిని పెళ్ళలుగా పదిలంగా పైకి తీశారు. ఆ నిధి ఒక కొయ్యపెట్టెలో ఉండేదనీ, ఏ వస్తువు పక్కన ఏ వస్తువును సర్దిపెట్టారో కూడా వారు గుర్తించగలిగారు. అందులోని నాణేలు 14,865. రోమను పాలన బ్రిటనును విడిచిపోతున్న అయిదవ శతాబ్ది ఆరంభంలో ఏదో సంపన్న కుటుంబం తన సర్వస్వాన్నీ భూమికి అప్పగించి వెళ్ళింది. వారు తిరిగి రాలేదు.

లాస్‌కు ప్రభుత్వం 17,50,000 పౌండ్ల బహుమానం ప్రకటించింది. అప్పటి పద్ధతి ప్రకారం అది కనుగొన్నవానికే చెందుతుంది. అయినా ఆయన దానిని రైతుతో పంచుకున్నాడు.

అంత ధనం ఎందుకిచ్చినట్లు? పొలం రైతుది, శ్రమ లాస్‌ది, దాచినవారు ఎవరో తెలియదు. మరి నిధి ఎవరిది? ఈ ప్రశ్నకు ఇంగ్లండు చెప్పుకున్న జవాబులు మారుతూ వచ్చాయి. ఆ మార్పు వెనుక ఆసక్తికరమైన కథ ఉంది.

దాచినదా, వదలినదా?

'ట్రెజర్ ట్రోవ్' అనే ఇంగ్లీషు న్యాయపదం పాత ఫ్రెంచి నుండి వచ్చింది. 'దొరికిన నిధి' అని దానికి అర్థం. వెండి బంగారాలను ఎవరైనా తిరిగి తీసుకోవాలనే ఉద్దేశంతో దాచి ఉండి, ఆ యజమాని ఎవరో తెలియకపోతే ఆ సొమ్ము రాజుకు చెందుతుందని పూర్వపు చట్టం. పారేసుకున్నదైనా, శవంతో పాటు సమాధి చేసినదైనా రాజుకు హక్కు లేదు. ఏనాడో గతించిన మనిషి మనసులో ఏమున్నదో న్యాయస్థానం నిర్ణయించవలసి వచ్చేదన్నమాట!

ఆ విచారణ జరిపేవాడు కరోనర్, అనగా అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి. 1939లో సఫక్‌లోనే సటన్ హూ అనే చోట ఒక మట్టిదిబ్బ కింద ఓడ ఆకారము, అందులో ఒక ప్రాచీన ప్రభువు అంత్యక్రియల సామగ్రి బయటపడ్డాయి. ఓడతో సహా పూడ్చినవారు మళ్ళీ తవ్వుకుందామని పూడ్చలేదు కదా! కనుక అది రాజు సొత్తు కాదని తేలింది. అపారమైన ఆ బంగారమంతా భూస్వామిని ఎడిత్ ప్రెటీ పరమైంది. ఆమె సమస్తాన్నీ బ్రిటిషు మ్యూజియమునకు దానం చేసింది.

అందరూ ఆమె వంటివారు కారు. 1980 ప్రాంతాల్లో సర్రే ప్రాంతంలోని వాన్‌బరో వద్ద ఒక రోమను ఆలయస్థలంపై దొంగలు రాత్రివేళ యంత్రాలతో పడి, నాణేలను వేల సంఖ్యలో తవ్వుకుపోయారు. ఇటువంటి నిశాచరులను శిక్షించడానికి పాత చట్టం చాలలేదు. అక్కడి పురావస్తు ప్రియుల ఆవేదన 1996లో వచ్చిన కొత్త నిధి చట్టానికి ఒక ముఖ్య ప్రేరణ. ఆ చట్టం 1997 సెప్టెంబరు 24న అమలులోకి వచ్చింది.

అనుమతులు, గడువులు

ఇంగ్లండులో మెటల్ డిటెక్టరు కొనడానికి గాని, దానితో వెదకడానికి గాని అందరికీ వర్తించే లైసెన్సు ఏదీ లేదు. అయితే భూమి యజమాని అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా తవ్వి తీసుకుపోతే అది దొంగతనమే. ప్రభుత్వ రక్షణలో ఉన్న ప్రాచీన స్థలాలలోనైతే యజమాని ఒప్పుకున్నా చాలదు. 1979 నాటి శాసనం ప్రకారం ప్రత్యేకంగా లిఖితపూర్వకమైన అనుమతి పొందాలి.

ఏది నిధి అన్నదానికి కొత్త చట్టం దాచినవాని ఉద్దేశంతో పని లేకుండా కొలతలు పెట్టింది. వస్తువు వయస్సు 300 సంవత్సరాలకు తగ్గకూడదు. అందులో బరువును బట్టి కనీసం నూటికి 10 వంతులు వెండి గాని బంగారం గాని ఉండాలి. నాణేలైతే ఒకే చోట రెండైనా దొరకాలి. వెండి బంగారాలు అంతకు తక్కువైన నాణేలు కనీసం పది ఉండాలి. నిధితో పాటు దొరికిన కుండ, పెట్టె కూడా నిధి కిందికే వస్తాయి.

నిధి అని తెలిసిన 14 రోజులలోగా కరోనర్‌కు తెలియజేయాలి. తెలియజేయకపోతే మూడు నెలల వరకు జైలు, జరిమానా. ఆపై మ్యూజియము నిపుణులు పరీక్షిస్తారు; కరోనర్ విచారిస్తాడు. ఏదైనా మ్యూజియము కావాలంటే, స్వతంత్ర సంఘమొకటి బజారు ధరను నిర్ణయిస్తుంది. మ్యూజియము ఆ మొత్తాన్ని చెల్లిస్తుంది. సాధారణంగా సగం కనుగొన్నవానికి, సగం భూమి యజమానికి. దొంగచాటుగా తవ్వినవానికి వాటా తగ్గవచ్చు, అసలే రాకపోవచ్చు. ఏ మ్యూజియమూ కోరకపోతే వస్తువు తిరిగి వచ్చేస్తుంది.

స్కాట్లండులో చట్టం వేరు. అక్కడ లోహమేదైనా, రాయైనా, ప్రాచీన వస్తువు దొరికితే అది రాజ్యానిదే. బహుమానంలో భూమి యజమానికి వాటా లేదు. మునిగిన ఓడల సొత్తుకూ వేరే పద్ధతి ఉంది. దానిని 28 రోజులలోగా అందుకై నియమితుడైన అధికారికి తెలపాలి. ఇక విదేశీయుడెవరైనా తనకు దొరికిన చిన్న పాత బిళ్ళను జేబులో వేసుకొని స్వదేశానికి బయలుదేరితే? బ్రిటిషు నేలలో దొరికిన, 50 ఏళ్ళు దాటిన పురావస్తువు ఎంత చవుకదైనా దేశం దాటించడానికి ఎగుమతి లైసెన్సు కావాలి.

ఈ చట్టంలోనూ ఒక లోపం బయటపడింది. 2010 మే నెలలో కంబ్రియా ప్రాంతంలో రోమను ఆశ్వికుడు వేడుకలలో ధరించే శిరస్త్రాణం ఒకటి దొరికింది. దానికి మనిషి ముఖం వంటి ముసుగు ఉంది. కాని అది రాగి మిశ్రమలోహం. పైగా ఒంటరి వస్తువు. కనుక చట్టప్రకారం నిధి కాదు! అదే ఏడు అక్టోబరులో లండను వేలంలో 22 లక్షల పౌండ్లకు పైగా పలికి, అజ్ఞాత వ్యక్తి చేతికి పోయింది. సమీపంలోని కార్లయిల్ మ్యూజియము చందాలు పోగుచేసి కూడా దక్కించుకోలేకపోయింది. ఎట్టకేలకు 2023లో సవరణ వచ్చింది. 200 ఏళ్ళు దాటి, అసాధారణ చారిత్రక ప్రాముఖ్యం గలదైతే, ఏ లోహంతో చేసిన వస్తువైనా నిధి అయ్యేందుకు ఇప్పుడు వీలున్నది.

ఒకే ఏడు, రెండు నిధులు

చట్టం విలువ ఎంతటిదో 2015లో జరిగిన రెండు సంఘటనలు చెబుతాయి.

ఆ ఏడు ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలోని వాట్లింగ్టన్ సమీపంలో ఒక వ్యక్తికి వైకింగుల కాలం నాటి నిధి దొరికింది. దాదాపు 200 నాణేలు, వెండి కడ్డీలు, కొన్ని ఆభరణాలు. అతడు అధికారులకు తెలిపాడు. నిపుణులు మట్టిపెళ్ళతో సహా దానిని పైకి తీశారు. 2017లో ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ మ్యూజియము 13,50,000 పౌండ్లకు దానిని కొన్నది.

అదే ఏడు జూనులో హెరిఫర్డ్ ప్రాంతంలోని లెమ్‌స్టర్ సమీపాన ఇద్దరు మనుషులు అదే కాలపు మరొక నిధిని కనుగొన్నారు. వారు ఎవరికీ చెప్పలేదు. గుట్టుగా నాణేలను అమ్మసాగారు. సుమారు 300 నాణేలు దొరికి ఉంటాయని అంచనా. తుడిపివేసిన ఛాయాచిత్రాలను పోలీసులు వారి ఫోను నుండే తిరిగి రాబట్టారు. కాని 2019లో కేసు విచారణ నాటికి చేజిక్కినవి 31 నాణేలు మాత్రమే. ఇద్దరికీ దీర్ఘకాల కారాగార శిక్షలు పడ్డాయి. అప్పీలులో తగ్గించిన తరువాత కూడా ఒకరికి ఆరున్నర ఏళ్ళు, మరొకరికి అయిదేళ్ళు మిగిలాయి.

నిజాయితీగా తెలిపి ఉంటే వారికీ గొప్ప బహుమానం లభించేది. అయితే నష్టపోయినది వారు మాత్రమే కాదు. ఆ నాణేలు తొమ్మిదవ శతాబ్ది నాటి వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్‌వి, మెర్సియా రాజు కెయోల్‌వుల్ఫ్‌వి. ఆల్‌ఫ్రెడ్ పక్షపు చరిత్రకారులు కెయోల్‌వుల్ఫ్‌ను వైకింగుల చేతి కీలుబొమ్మగా, తెలివిలేనివానిగా చిత్రించారు. కాని రెండు రాజ్యాలలోనూ ఒకే నమూనాలో ముద్రించిన నాణేలు వేరే మాట చెబుతున్నాయి. వాటిపై ఇద్దరు ప్రభువులు పక్కపక్కన, సమానులుగా ఆసీనులై ఉన్నారు. అంటే వారిద్దరూ మిత్రులు. విజేతలు చెరిపివేసిన ఒక రాజు పేరును నిలబెట్టే సాక్ష్యం అది. కనిపించకుండా పోయిన ప్రతి నాణెంతో పాటు ఆ సాక్ష్యంలో కొంత నశించింది.

మన దస్తావేజులలో

మనకు ఈ విషయం కొత్త కాదు. పూర్వపు దానశాసనాలు, క్రయ దస్తావేజులు భూమితో పాటు అష్టభోగాలను సంక్రమింపజేసేవి. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అని వాటిని వరుసగా లెక్కించేవారు. అంటే నేలలో ఏది దొరికినా నేల గలవానిదే.

దస్తావేజు ఏమన్నా, 1878 నాటి భారత నిధి చట్టం వేరే మాట చెప్పింది. 10 రూపాయల విలువ మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని. యజమాని ఎవరూ తేలకపోతే, వేరే ఒడంబడిక లేనప్పుడు, కనుగొన్నవానికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. అయితే ప్రభుత్వపక్షాన కలెక్టరు ఆ నిధిని తీసుకోదలిస్తే చెల్లించవలసింది లోహపు విలువ, దానిపై అయిదవ వంతు మాత్రమే.

ఇంగ్లండు విధానానికి, దీనికి గల వ్యత్యాసం ఇక్కడే ఉన్నది. అక్కడ లెక్కగట్టేది వస్తువు విలువను. ఇక్కడ ఆ వస్తువులోని లోహం విలువను. కంసాలి కుంపటిలో కరిగించినా ఇంచుమించు అంతే వస్తుందని తోచినవాడు కలెక్టరు కచేరీ మెట్లు ఎక్కుతాడా? లంకెబిందెల ఆశతో అర్ధరాత్రి పాడుబడిన గుళ్ళను తవ్వేవారిని పట్టుకోవడానికి పోలీసులు కావాలి. కాని పునాది తవ్వుతుండగా కుండ తగిలిన కూలివానికి, నాగలికి నాణెం తగిలిన రైతుకు కావలసింది వేరు. నిజం చెబితే నష్టపోనన్న నమ్మకం వారికి కావాలి. లాస్ పార పక్కన పెట్టడానికి మూలం ఆయన నిజాయితీయే, సందేహం లేదు. ఆ నిజాయితీని నష్టపడనీయని పద్ధతి కూడా ఆయన దేశంలో ఉంది.

చివరికి రైతు సుత్తి కూడా దొరికింది. ఆ తరువాత అది బ్రిటిషు మ్యూజియము వారికే చేరి, ఆ రోమను సంపద సరసనే చోటు సంపాదించుకున్నది.